ఫలం కనపడని చోట త్యాగమెక్కడిది?

ముంబయిలో పెద్ద లా ఫర్మ్ వదిలేసి కడపలో ముగ్గురు వకీళ్ళు, ఒక గుమస్తా ఉన్న ఆఫీసులో చేరానని తెలిశాక మా ఊళ్ళో అందరూ ఒకటే అడిగారు: "వాళ్ళే తీసేసినారా, నువ్వే వచ్చినావా?" నేనే వచ్చానంటే నమ్మినవాళ్ళు తక్కువ. మాది చక్రాయపేట మండలం. బోర్లలో నీళ్ళుంటే చీనీ చెట్లు, లేకుంటే వానను నమ్ముకొని శనక్కాయలు వేసే ఊళ్ళు. అక్కడినుంచి అంత దూరం పోయినవాడు జీతంలో చాలా భాగం వదులుకొని వెనక్కి వచ్చాడంటే ఏదో జరిగే ఉంటుందని వాళ్ళ లెక్క. మా అమ్మ ప్రశ్న మాత్రం వేరు. "ఆడ నీ మనసుకు ఏం తక్కువైంది నాయనా?" అంది.

తక్కువ ఏమీ కాలేదు. అక్కడ నా మనసు చాలా హాయిగా ఉండేది. నాకు అనుమానం వచ్చింది ఆ హాయి మీదనే.

మా ఇంట్లో జేజినాయన రోజూ పొద్దున గీత చదివేవాడు. పని చేయడం వరకే మనిషి వంతు, దాని ఫలం మీద ఆశ పెట్టుకోరాదు అన్నది నాకు ఊహ తెలిసినప్పటినుంచీ విన్న మాట. ఎంత కష్టపడితే ఆ స్థితి వస్తుందో అని చిన్నప్పుడు భయపడేవాణ్ణి. పెద్ద ఫర్మ్‌లో అది ఏ సాధనా లేకుండానే వచ్చేసింది. ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొంటుంది. అప్పు కాగితాలు ఒకరు చూస్తారు, పన్నుల సంగతి ఒకరు, ఉద్యోగుల ఒప్పందాలు ఒకరు, భూముల దస్తావేజులు ఒకరు. నేను భూముల మనిషిని. రోజంతా చేసిన పనిని ఆరు నిమిషాల చొప్పున ముక్కలు చేసి టైమ్‌షీట్‌లో రాయాలి. నా రిపోర్టు నా పైవాడికి, అతని రిపోర్టు పార్ట్‌నర్‌కు, పార్ట్‌నర్ మాట క్లయింటుకు పోతుంది. ఒప్పందం కుదిరిన రోజు అందరికీ అభినందనల ఈమెయిల్ ఒకటి వస్తుంది. ఆ భూమిలో తరువాత ఏమైందో నా దాకా రాదు. గెలిచామన్న పొంగు లేదు, ఓడామన్న కుంగు లేదు. నెల తిరిగేసరికి జీతం. ఇదే కదా నిష్కామ కర్మ అనుకుంటూ హాయిగా నిద్రపోయేవాణ్ణి.

న్యాయవృత్తికి ఈ ఆకారం మన దేశంలో పాతది కాదు. 1956 కంపెనీల చట్టం ప్రకారం ఒక భాగస్వామ్య సంస్థలో 20 మందికి మించి భాగస్వాములు ఉండరాదు. లా ఫర్మ్‌లకూ చాలాకాలం అదే గీత. 2008లో పరిమిత బాధ్యత భాగస్వామ్య చట్టం వచ్చింది, 2013 కంపెనీల చట్టం వృత్తినిపుణుల సంస్థలను ఆ లెక్కనుంచి మినహాయించింది. వందల మంది వకీళ్ళు ఒక పేరు కింద పనిచేయడం ఈ మధ్యనే మామూలైంది. పెద్దదైనందుకు దాన్ని నిందించను. బ్యాంకు అప్పులు, విద్యుత్ ప్రాజెక్టులు, ఓడరేవుల కాగితాలు ముగ్గురు వకీళ్ళు మోయగలిగినవి కావు. నాకు దస్తావేజు చదవడం నేర్పింది కూడా ఆ ఫర్మే.

ఆ హాయికి తొలి బీట జమ్మలమడుగు పక్క ఒక సౌర విద్యుత్ ప్రాజెక్టు దగ్గర పడింది. వందల సర్వే నంబర్లు. ఒక్కోదానికీ అడంగల్, ఈసీ, పాత ఆర్‌ఎస్‌ఆర్ వంటి భూమి రికార్డులు తెప్పించుకొని పట్టికలో రంగులు వేయడం నా పని. చిక్కు లేనిదానికి ఆకుపచ్చ, సందేహానికి పసుపు, కొనరానిదానికి ఎరుపు. ప్రభుత్వం భూమిలేని పేదలకిచ్చిన డీపట్టా భూమి అయితే 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం చేతులు మారరాదు. ఆ పట్టా 1954 జూన్ 18కి ముందుదా, తరువాతిదా అన్నది మొదట చూడాలి. ముందు ఇచ్చినవాటికి సాధారణంగా అమ్మరాదన్న షరతు ఉండదు. ఇరవై ఏళ్ళు దాటిన అసైన్డ్ భూముల మీద హక్కులిచ్చే 2023 సవరణ అప్పటికింకా రాలేదు. కాబట్టి చాలా వరసలకు ఎరుపు వేసి, పక్కన "తొలగించవలెను" అని రాశాను. చట్టం చెప్పింది చెప్పినట్టే రాశాను. ఆనాటి చట్టం మీద ఇప్పుడు రాసినా అదే రాస్తాను.

ఆ ఏడు పండక్కి ఇంటికి వచ్చినప్పుడు మా బంధువుల ఇంట్లో ఆ పక్క ఊరి మనిషి ఒకాయన తగిలాడు. చుట్టూ భూములన్నీ కంపెనీవాళ్ళు తీసుకున్నారని, నడిమధ్య తన మూడెకరాలు మాత్రం వద్దన్నారని, ఇప్పుడు అక్కడికి పోను దారే లేదని చెప్పుకొచ్చాడు. "ఎవురో మొంబాయిలో కూచోని వద్దని రాసినారంట" అన్నాడు. ఆ వరస రాసింది నేనే అయ్యుండొచ్చు, ఇంకొకరైనా అయ్యుండొచ్చు. నంబరు అడగలేదు. అడిగినా తప్పు పట్టడానికి ఏమీ దొరకదు. నేను భూమి స్వభావం రాశాను. దారి సంగతి ఇంకో బృందం చూస్తుంది. కొనాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం.

గీత చివరి అధ్యాయంలో ఒక పని జరగడానికి ఐదు కారణాలు చెబుతారు: చోటు, కర్త, పనిముట్లు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. ఇన్ని ఉండగా అంతా నేనే చేశానని అనుకునేవాడు అవివేకి అని బోధ. ఆ రాత్రి నాకు ఆ ఐదూ గుర్తొచ్చాయి. మా ఫర్మ్‌లో చోటు ఒకరిది, చేతులు ఇంకొకరివి, చేష్టలు పదిమందివి. నేను కర్తను కానని చెప్పుకోవడానికి అంతకన్నా అనువైన చోటు లోకంలో ఉండదు. సరిగ్గా అందుకే అక్కడ ఆ మాటకు విలువ లేదనిపించింది. అహంకారం పోయి 'నేను కర్తను కాను' అనేవాడు ఒకడు, పని పంపకంలో తన వాటా చిన్నది కాబట్టి అదే మాట అనేవాడు ఇంకొకడు. ఇద్దరి నోటా ఒకే వాక్యం. మొదటివాడి దగ్గరకు ఆ మూడెకరాల మనిషి వస్తే నిలబడి వింటాడు. రెండోవాడి దగ్గరకు ఆ మనిషి రానే రాలేడు.

అప్పుడు గీతను మొదటినుంచీ మళ్ళీ చదివాను. మా ఇంట్లో మొదటి అధ్యాయాన్ని గబగబా దాటేసేవాళ్ళు. బోధంతా రెండోదానినుంచి కదా అని. కానీ బోధకు ముందు ఏం జరిగింది? అర్జునుడు రథాన్ని రెండు సేనల మధ్య నిలపమన్నాడు, ఎవరెవరు వచ్చారో చూస్తానన్నాడు. కృష్ణుడు ఆ రథాన్ని ఎక్కడో దూరంగా, సేనలు ఒక గుంపుగా కనబడే చోట ఆపలేదు. భీష్మద్రోణుల ఎదుటికే తోలుకుపోయి, చూడమన్నాడు. తాతలు, గురువులు, మేనమామలు, కొడుకులు, మనవలు కళ్ళబడ్డారు. విల్లు చేయి జారింది. ఫలం మీద ఆశ వదలమన్న మాట ఆ తరువాత వచ్చింది, ఆ ముఖాలన్నీ చూసి ఒళ్ళు వణికినవాడికి వచ్చింది. వెనక గుడారంలో కూర్చొని బాణాల లెక్క రాసుకునేవాడికి ఆ బోధ అక్కర్లేదు. వాడికి వదులుకోవడానికి ఏదీ ఎదురు కాలేదు. ఫలాన్ని చూడకపోవడం, ఫలాన్ని వదులుకోవడం ఒకటి కావు. నేను ఇన్నేళ్ళు ముంబయిలో మొదటిది చేస్తూ దానికి రెండోదాని పేరు పెట్టుకున్నాను.

మా వృత్తికి సంబంధించిన ఒక నియమం ఈ సంగతిలో విచిత్రంగా ఉంటుంది. కేసు గెలిస్తేనే ఫీజు, లేదా వచ్చినదాంట్లో ఇంత వాటా అని మన దేశంలో వకీలు ఒప్పందం చేసుకోరాదు. బార్ కౌన్సిల్ నియమావళి దాన్ని నిషేధించింది. అమెరికాలో అది చెల్లుతుంది, ప్రమాదాల కేసుల్లో మామూలే. మన దగ్గర చట్టమే వకీలును ఫలానికి దూరంగా పెట్టింది. కడపలో ఇప్పటికీ కక్షిదారులు వస్తారు: "చేతిలో దుడ్డు లేదు సామీ, గెలిస్తే భూమిలో ఒక మడి నీకే." వద్దని చెప్పాలి. చెబుతాం. కానీ ఫీజును ఫలంనుంచి వేరు చేయడం సులువు, మనసును వేరు చేయడం నియమావళితో అయ్యే పని కాదు. టైమ్‌షీట్ ఆ మొదటి పనిని ఎంతో చక్కగా చేస్తుంది. రెండోది చేయాల్సిన అవసరమే రానివ్వదు.

దూరంనుంచి పాలించడం, దగ్గరికి పోయి చూడడం అన్న తగవు మా సీమకు కొత్తది కాదు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కుంపిణీకి ధారపోశాక దత్తమండలాల కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. బెంగాలులో కుంపిణీ జమీందార్లతో లెక్క తేల్చుకొని ఊరుకుంది. రైతు ముఖం చూసే పని లేదు. మన్రో గుడారాలు వేసుకొని ఊరూరూ తిరిగి, పొలాలు కొలిపించి, రైతుతోనే నేరుగా శిస్తు నిర్ణయించే పద్ధతి పెట్టాడు. చూసినంత మాత్రాన కరుణ పొంగిందని కాదు. ఆయన వేసిన శిస్తు బరువైనదే. కానీ 1807లో ఇక్కడినుంచి వెళ్ళబోయే ముందు దాన్ని నాలుగో వంతు తగ్గించమని పైకి రాశాడు. పైవాళ్ళు వినలేదు. 1820లో తానే మద్రాసు గవర్నరు అయ్యాక ఆ తగ్గింపు దారిలో పడింది. శిస్తు ఎక్కువైందని తెలియడానికి లెక్కలు చాలు. ఆ సంగతి అన్నేళ్ళు మనసులో మోయడానికి మాత్రం ఆ ఊళ్ళ మధ్య తిరిగి ఉండాలి. మా వైపు జనం ఆయన పేరును పిల్లలకు పెట్టుకున్నారు. మా మండలంలోని గండి దగ్గర ఆయనకు ఆకాశాన బంగారు తోరణం కనబడిందని, అది కనబడినవాళ్ళు ఎక్కువకాలం బతకరని కథ చెప్పుకుంటారు. జిల్లా గెజిటీరులోకి కూడా ఎక్కిన కథ. 1827 జూలైలో పత్తికొండలో కలరాతో పోయాడన్నది మాత్రం చరిత్ర.

ఇక చిన్న ఆఫీసు సంగతి. చేరిన కొత్తలో ఇక్కడ ధర్మం దానంతటదే నడుస్తుందని ఆశపడ్డాను. కక్షిదారు ఎదురుగా బెంచీ మీద కూర్చుంటాడు. ఎరువుల సంచిలోంచి కాగితాలు తీస్తాడు. పాస్‌బుక్కుతో పాటు పెళ్ళిపత్రిక, రేషన్ కార్డు, ఎప్పటివో కరెంటు బిల్లులు అన్నీ వస్తాయి. వాటిలో దావాకు పనికొచ్చేవి రెండో మూడో ఉంటాయి. మిగిలినవి చూడకుండా తిరిగి ఇవ్వడం కుదరదు. ముంబయిలో నా ముందు లేని మనిషి ఇక్కడ పూర్తిగా ఉన్నాడు. అయితే ఇక్కడి చిక్కు ఇంకో వైపునుంచి వచ్చింది. ఆ మనిషి మా మండలంవాడైతే నా వాదనలో గొంతు పెరుగుతుంది. అవతలి పక్షం వకీలు మామూలు వాయిదా అడిగినా కోపం వస్తుంది. రాజీకి ఒప్పుకోవాల్సిన చోట మొండికేయాలనిపిస్తుంది. పెద్దచోట 'నేను లేను' అన్న అబద్ధంతో నడిచిన మనసు చిన్నచోట 'అంతా నేనే' అన్న అబద్ధాన్ని పట్టుకుంది.

ఆ రోజుల్లోనే శ్రావణ శనివారం గండికి పోయాను. పాపాగ్ని నది కొండలను చీల్చుకొని బయటపడే చోటు అది. శ్రావణమాసం శనివారాలు ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. అక్కడి స్థలపురాణం మా వైపు ప్రతి పిల్లవాడికీ తెలుసు. లంకనుంచి తిరిగి వస్తూ రాముడు బాణం మొనతో బండ మీద ఆంజనేయుడి రూపం గీశాడు, చేతి చిటికెన వేలు ఒక్కటి మిగిలిపోయింది, దాన్ని అలాగే వదిలి సాగిపోయాడు. తరువాత ఎవరో శిల్పి ఆ కొరత చూడలేక వేలు చెక్కబోతే రాతినుంచి రక్తం వచ్చింది. చిన్నప్పుడు నాకు ఇందులో రక్తమే గుర్తుండేది. ఆ శనివారం క్యూలో నిలబడినప్పుడు శిల్పి గుర్తొచ్చాడు. అతనిది చెడ్డ బుద్ధి కాదు. మంచి పని పూర్తి కాలేదని బాధపడ్డాడు, తన చేత్తో పూర్తి చేయాలనుకున్నాడు. రాముడు ఆ కొరతను చూడకుండా పోలేదు కదా, గీసినవాడికి తెలియదా? చూసి, ఉండనిచ్చి పోయాడు. చిన్న ఆఫీసులో కూర్చున్న నాకు తెలియాల్సింది ఆ రెండో సగం. మొదటి సగం, అంటే చూడడం, నేర్చుకోవడానికి కడప రావాల్సి వచ్చింది. ఉండనివ్వడం కడప నేర్పదు.

అది ఎంత కష్టమో ఒక బండిదారి కేసులో అర్థమైంది. మా మండలంవైపు ముసలాయన. పక్క పొలం గట్టు వెంబడి తాతల కాలంనుంచి బండి తోలుకుంటున్నామని, ఇప్పుడు కంచె వేశారని దావా. 1882 సౌలభ్య హక్కుల చట్టం ప్రకారం 20 ఏళ్ళు అడ్డు లేకుండా, అనుమతి అడగకుండా, హక్కుగా వాడినట్టు రుజువు కావాలి. మా సాక్షుల్లో ఒకాయన అడ్డు పరీక్షలో "వాళ్ళు పోనిస్తే పోయేటోళ్ళం" అన్నాడు. ఆ ఒక్క మాటతో హక్కు కాస్తా అనుమతి అయిపోయింది. ఓడిపోయాం. తీర్పు ఇంగ్లీషులో ఉంది. ముసలాయన వచ్చి, మొదటినుంచి చివరిదాకా తెలుగులో చదివి వినిపించమన్నాడు. చదివాను. మధ్యలో ఆపి, "నేను బోనులో చెప్పింది జడ్జిగారు ఇన్న్యాడా లేదా, అది చూడు సామీ" అన్నాడు. ఆయన వాంగ్మూలం రాసిన పేరా చూపించి చదివాను. తలూపాడు.

నేను ఊరటకని జేజినాయన మాట ఎత్తుకున్నాను. మన ప్రయత్నం మనం చేశాం, ఫలం మన చేతిలో లేదు కదా పెద్దాయనా అన్నాను. ఆయనేమీ అనలేదు. ఆయన పోయాక మా సీనియరు నన్ను పిలిచి ఒక్క మాట అన్నాడు: "ఫలం వదులుకోమని గీత చెప్పింది నీకబ్బా, ఆయప్పకు కాదు. ఆయప్పకు కావాల్సింది దారి."

ఈ ప్రశ్న మీద నేను చదివినవాటన్నిటికన్నా ఆ మాట ఎక్కువ పనిచేసింది. త్యాగం ఎవరి ఫలాన్ని వాళ్ళు చేయాల్సింది. ఒకరి తరఫున ఇంకొకరు చేయలేరు. ఓడినవాడికి వైరాగ్యం బోధించే వకీలు తన బాధను తగ్గించుకోవడానికి ఎదుటివాడి దారిని దానం చేస్తున్నాడు. పెద్ద ఫర్మ్‌లో నేను చేసింది కూడా కొంచెం అలాంటిదే అనిపించింది. అక్కడ నేను లెక్కచేయని ఫలాలు నావి కావు, ఏ వరసలోనో ఉన్నవాళ్ళవి. నావైన జీతాన్నీ హోదానీ మాత్రం ఎన్నడూ వదులుకోలేదు. నిష్కాముడు వదలాల్సింది గెలిచానన్న పేరు, ఓడానన్న సిగ్గు, నా వల్లే జరగాలన్న పట్టు. కక్షిదారు కోరికను వదలరాదు. అది మనకు అప్పగించిన సొత్తు. దాన్ని ఆయన కోరినంత గట్టిగానే మనమూ కోరాలి, అదీ మనది కాదన్న ఎరుకతో.

అందరూ పెద్ద సంస్థలు వదిలి రావాలని దీని అర్థమా? కాదు. టంగుటూరి ప్రకాశం రాజమండ్రి ప్లీడరుగా మొదలై, ఇంగ్లండు పోయి బారిస్టరై, మద్రాసు హైకోర్టులో పేరుమోసి, 1921లో వృత్తినే వదిలేశాడు. అది వేరే త్యాగం, దేశం అడిగిన త్యాగం. నేను వృత్తిని వదలలేదు, దానికి దగ్గరగా జరిగానంతే. దగ్గర అన్నది ఆఫీసు కొలతతో వచ్చేది కూడా కాదు. కక్షిదారుతో మాటంతా గుమస్తాకే వదిలేసి కాగితాల కట్ట మాత్రమే చూసే వకీళ్ళు చిన్న ఊళ్ళలోనూ ఉన్నారు. ముంబయిలో నా పాత సహోద్యోగి ఒకామె ప్రతి భూముల పనికీ ముందు ఒకసారి ఆ ఊరు పోయి వస్తానని పట్టుబట్టి సాధించుకుంది. ఆ ప్రయాణం టైమ్‌షీట్‌లో ఎక్కదు. ఆమె రథం సేనల మధ్యే ఉంది. నాకంత పట్టుదల లేదు కాబట్టి చోటు మార్చుకున్నాను.

అవతలి పక్షం వాదన కూడా ఇక్కడ చెప్పాలి. ముఖాలు చూడని చట్టమే న్యాయమైన చట్టం అంటారు. కులం, ఊరు, బంధుత్వం చూసి తూకం మార్చే చోట చూడకపోవడం పెద్ద రక్షణ. మా సీమవాడికి ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. నా పట్టికలో ఎరుపు రంగు రెడ్డికీ దళితుడికీ ఒకే లెక్కన పడింది. నిజమే. కానీ తూకం వేసే చేయి చూడకూడదన్నది జడ్జి ధర్మం. వకీలుది పక్కన నిలబడే ధర్మం. పక్కన నిలబడినవాడు ఎవరి పక్కన ఉన్నాడో తెలియనట్టు ఉంటే ఆ పని జరగదు.

ముసలాయన పది రోజుల తరువాత అప్పీలు వేయమని వచ్చాడు. 30 రోజుల గడువులోనే వేశాం. సాక్షి అన్న ఆ ఒక్క మాటను మిగతా సాక్ష్యంతో కలిపి చదవాలన్నది మా వాదన. బలమైనదే, కానీ గెలుస్తుందని చెప్పలేను, ఆయనకూ చెప్పలేదు. తీర్పు ఏ రోజు వచ్చినా ఆయన బెంచీ మీద కూర్చొని మొదటినుంచి చదవమంటాడు. మళ్ళీ ఓడితే ఈసారి గీత ఎత్తకుండా, గొంతు తడబడకుండా, రెండో అప్పీలుకు చట్టంలో ఏమాత్రం చోటుందో ఉన్నదున్నట్టు చెప్పగలగాలి. గెలిస్తే ఆ గెలుపు ఆయనదిగా ఇచ్చి పంపగలగాలి. ఈ రెంటిలో ఏది నాకు ఎక్కువ కష్టమో ఇప్పటికైతే తెలియదు. ముంబయిలో ఉండి ఉంటే ఆ ప్రశ్నే వచ్చేది కాదు.